ఉప్పు, కప్పురం పక్కపక్కన పెట్టి: రెండు రచనలను పోల్చి రాయడం ఎలా

బెంగళూరు అల్సూరు చెరువు దగ్గరున్న తమిళ కవి తిరువళ్లువర్ విగ్రహం చాలా ఏళ్లు ముసుగులోనే ఉండిపోయింది. 2009 ఆగస్టు 9న తెరిచారు. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 13న, చెన్నై అయనావరంలో కన్నడ కవి సర్వజ్ఞుడి విగ్రహం తెరిచారు. తమిళులకు వళ్లువర్ ఎలాగో కన్నడిగులకు సర్వజ్ఞుడు అలాగ అని రెండు రాష్ట్రాలూ ఒప్పుకున్నట్టే కదా. అదీ ఒక పోలికే. బెంగళూరులో ఉంటున్న మన తెలుగువాళ్లకు మాత్రం సర్వజ్ఞుడి పేరు వినగానే వేమన గుర్తొస్తాడు. కోరమంగలలో వేమన పేరుతో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఏటా జనవరి 19న కర్ణాటక ప్రభుత్వం వేమన జయంతి జరుపుతుంది. "మీ వేమన, మా సర్వజ్ఞ ఇద్దరూ ఒకటే" అని పక్కింటి కన్నడ వాళ్లు ఆప్యాయంగా అంటారు.

ఆ మాట నిజమే. కానీ అక్కడే ఆగిపోతే వ్యాసం రాదు. మా అపార్ట్‌మెంట్‌లో పీయూసీ (మన ఇంటర్) చదివే ఒక అమ్మాయికి సరిగ్గా ఇదే ఇబ్బంది వచ్చింది. వేమన పద్యాలు అమ్మమ్మ దగ్గర, సర్వజ్ఞుడి త్రిపదులు (మూడు పాదాల పద్యాలు) బళ్లో నేర్చుకుంది. ఇద్దరినీ పోల్చి కాలేజీలో వ్యాసం రాయమన్నారు. నోటు పుస్తకం పట్టుకొని వచ్చి, "ఆంటీ, ఇద్దరూ ఒకటే చెప్పారు కదా, ఇంకేం రాయాలి?" అని అడిగింది. ఆ అమ్మాయితో కూర్చొని చేసిన పనిని ఇక్కడ వరసగా చెబుతాను. మీ దగ్గరున్నవి రెండు నవలలైనా, రెండు కథలైనా, పద్యమూ పాటా అయినా పద్ధతి ఇదే.

ముందు ఒక చిన్న చిక్కు చెప్పాలి. తెలుగులో "పోలిక" అంటే రెండింటినీ పక్కన పెట్టి చూడడం. "తండ్రి పోలిక వచ్చింది" అన్నప్పుడు అదే మాటకు ఒకేలా ఉండడం అని అర్థం. అందుకే "పోల్చండి" అనగానే మన మనసు కలిసేవి మాత్రమే ఏరుతుంది, విడిపోయేవి చేతిలోంచి జారిపోతాయి. దీనికి విరుగుడు వేమన దగ్గరే ఉంది:

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ జూడ రుచుల జాడ వేరు

చేయాల్సిన పనంతా ఈ రెండు పాదాల్లో ఉంది. మొదట చూపుకు ఒకటిగా కనిపించాలి. తర్వాత "చూడ జూడ", అంటే మళ్లీ మళ్లీ చూస్తే, తేడా బయటపడాలి. ఉప్పునూ బొగ్గునూ పక్కన పెడితే తేడా అందరికీ కనబడుతుంది, అందులో చెప్పేదేమీ లేదు. ఉప్పునూ కప్పురాన్నీ పెట్టినప్పుడే నాలుకకు పని పడుతుంది.

జోడీ కుదుర్చుకోవడం

అమ్మాయి మొదట తెచ్చిన శీర్షిక "వేమన – సర్వజ్ఞుడు". అంటే వందల పద్యాలు ఒకవైపు, వందల త్రిపదులు ఇంకోవైపు. ఇంత మూట ఎత్తుకుంటే ఎవరైనా "ఇద్దరూ సమాజాన్ని సంస్కరించారు" అనే మాట దగ్గరే కూలబడతారు. కాబట్టి ముందు విషయాన్ని చిన్నది చేయండి. ఒక పద్యం, ఒక త్రిపది. నవలలైతే రెండు మొదటి అధ్యాయాలో, రెండు చావు సన్నివేశాలో, రెండు పెళ్లిళ్లో తీసుకోండి. చిన్న ముక్కను నమలండి, పెద్దదాని రుచి అందులోనే తెలుస్తుంది.

జోడీలో రెండు లక్షణాలు ఉండాలి. గట్టిగా కలిసే చోటు ఒకటి ఉండాలి, ఆ చోటే తేడా కూడా కనబడాలి. పోతన గజేంద్ర మోక్షాన్ని సంస్కృత భాగవతం అష్టమ స్కంధంలోని అదే కథ పక్కన పెట్టవచ్చు. కథ మారదు కాబట్టి కవి చేసిన పని స్పష్టంగా తెలుస్తుంది. గురజాడ కన్యాశుల్కాన్ని అదే కన్యాశుల్కంతో పోల్చవచ్చు. 1897లో అచ్చయిన నాటకాన్ని ఆయన బాగా మార్చి, పెంచి 1909లో మళ్లీ అచ్చు వేశారు. ఒకే రచయిత తన రాతను తానే ఎందుకు మార్చుకున్నాడన్న ప్రశ్న మీద ఎంతైనా రాయవచ్చు. మేము మాత్రం గుడి, పూజ అనే విషయం తీసుకున్నాం. భక్తి లేని పూజ గురించి ఇద్దరూ చెప్పారు, ఆ రెండూ అమ్మాయికి నోటికి వచ్చు.

ఒక్కోదాన్ని విడిగా చదవడం

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. రెండు పుస్తకాలూ ఒకేసారి తెరిచి, మొదటి వాక్యం నుంచే పోలికలు వెతకడం మొదలుపెడతారు. అలా చేస్తే రెండోదానిలో కనిపించినదే మొదటిదానిలోనూ కనిపిస్తుంది. ఒక రోజు ఒకటే చదవండి. పైకి చదవండి. చేత్తో రాసుకోండి. అర్థం మీ సొంత మాటల్లో రెండు వాక్యాలు రాయండి. మర్నాడు రెండోది.

పరభాష రచన అయితే ఇంకాస్త ఓపిక పట్టాలి. కన్నడ, తెలుగు లిపులు ఒకే మూలం నుంచి విడిపోయినవి. బస్సు బోర్డులు చదువుతూ చదువుతూ నెల రోజుల్లో కన్నడ పట్టేసినవాళ్లు ఈ ఊళ్లో ఎంతోమంది. అదే మనకు ధైర్యం, అదే ప్రమాదం కూడా. కన్నడ "ఎత్తు" మన ఎద్దు, మన ఎత్తు కాదు. "గాణ" అంటే గానుగ. "సుత్తి" అంటే చుట్టి అని, మన సుత్తికి దీనికి సంబంధం లేదు. తెలిసిన మాటలా కనిపించిన ప్రతిదాన్నీ నిఘంటువులో చూడండి, లేదా కన్నడ మాతృభాషగా ఉన్న స్నేహితుల్ని అడగండి. మేము కింది ఫ్లోర్‌లో ఉండే కన్నడ టీచరు గారిని అడిగాం. ఆవిడ ఆ త్రిపదిని రెండుసార్లు పాడి వినిపించారు. విన్నాక మాకు తెలిసింది చాలా ఉంది, దాని సంగతి కింద చెబుతాను.

పాఠం, అంటే పద్యంలోని మాటలు, సరిచూసుకోండి. వేమన, సర్వజ్ఞుడు ఇద్దరివీ ముందు జనం నోళ్లలో బతికి తర్వాత కాగితానికి ఎక్కిన పద్యాలు. అందుకే ఒక పుస్తకంలో ఒక మాట, ఇంకో పుస్తకంలో ఇంకో మాట ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికిన దాన్ని అలాగే దించుకోకుండా అచ్చు పుస్తకం ఒకటి పక్కన పెట్టుకోండి. కబ్బన్ పార్కులోని కేంద్ర గ్రంథాలయం ఎర్ర భవనంలో కూర్చొని ఒక పూట వెతకడం, లేదా అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల దుకాణాల్లో తిరగడం మంచి పని. ఏ పుస్తకంలోని పాఠం తీసుకున్నారో వ్యాసంలో ఒక ముక్క చెప్పేస్తే మీ మీద ఎవరికీ అనుమానం రాదు.

రెండింటినీ ఒకే ప్రశ్నలు అడగడం

ఇప్పుడు ఒక పేజీని మూడు గడులుగా విభజించండి. ఎడమ గడిలో ఒక రచన, మధ్య గడిలో రెండోది. మూడో గడి పైన "అయితే?" అని రాయండి. ఈ మూడో గడి వెనక ఒక కథ ఉంది. డిగ్రీలో నేను రాసిన మొదటి పోలిక వ్యాసం పన్నెండు పేజీలు వచ్చింది. సామ్యాలు పదహారు, భేదాలు పదకొండు, అన్నీ అంకెలు వేసి మరీ రాశాను. మా లెక్చరర్ గారు చివరి పేజీ కింద ఎర్ర సిరాతో ఒక్క మాట రాసి ఇచ్చారు: "అయితే?" ఆ రోజు ఏడుపొచ్చింది. కానీ నాకు ఈ పని నేర్పింది ఆ ఒక్క మాటే. రాసిన ప్రతి సామ్యం పక్కన, ప్రతి భేదం పక్కన "అయితే ఏమిటి?" అని అడగండి. జవాబు రాకపోతే ఆ అంశాన్ని కొట్టేయండి.

అడగాల్సిన ప్రశ్నలు కష్టమైనవేమీ కావు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? కళ్లకు కనిపించే వస్తువులు ఏమున్నాయి? ఏ పని జరుగుతోంది? ఏ మాట మళ్లీ మళ్లీ వచ్చింది? ప్రశ్నా, ఆజ్ఞా, వర్ణనా? ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది? చెప్పకుండా వదిలేసింది ఏమిటి? నవలకైనా ఇవే ప్రశ్నలు. ఒక్క నియమం తప్పకండి: మొదటిదాన్ని ఏది అడిగారో రెండోదాన్నీ అదే అడగాలి. ఒకదానిలో భాష గురించి, ఇంకోదానిలో కథ గురించి రాస్తే అవి రెండు వ్యాసాలవుతాయి.

దగ్గరికి వెళ్లి చూడడం

ఇక అసలు పని. మేము తీసుకున్న రెండూ ఇవి. వేమన:

ఆత్మశుద్ధి లేని యాచార మదియేల
భాండశుద్ధి లేని పాకమేల
చిత్తశుద్ధి లేని శివపూజ లేలరా
విశ్వదాభిరామ వినుర వేమ

సర్వజ్ఞుడు:

చిత్తవిల్లదె గుడియ సుత్తిదొడె ఫలవేను
ఎత్తు గాణవను హొత్తు తా నిత్యది
సుత్తి బందంతె సర్వజ్ఞ

మనసు పెట్టకుండా గుడి చుట్టూ తిరిగితే ఫలమేమిటి, ఎద్దు రోజూ గానుగ మోస్తూ చుట్టి వచ్చినట్టే అని త్రిపది అర్థం. మొదటి చూపులో రెండూ ఒకటే. రెండింటిలోనూ "చిత్తం" అనే మాటే ఉంది. రెండూ ప్రశ్నలతోనే మొదలవుతాయి. "ఇద్దరూ ఆడంబర భక్తిని ఖండించారు" అని అమ్మాయి ఎడమ గడిలో, మధ్య గడిలో ఒకేలా రాసింది. మూడో గడి ఖాళీగా మిగిలింది.

"చిత్తం దగ్గర ఇద్దరూ ఏమన్నారో అక్షరం అక్షరం చూడు" అన్నాను. కాసేపు చూసి తనే పట్టుకుంది. వేమన "చిత్తశుద్ధి లేని" అన్నాడు. సర్వజ్ఞుడు "చిత్తవిల్లదె" అన్నాడు, అంటే చిత్తం లేకుండా. ఒకచోట మనసు ఉంది, కానీ మలినంగా ఉంది. ఇంకోచోట మనసే అక్కడ లేదు, కాళ్లు మాత్రం నడుస్తున్నాయి. రెండూ ఒకే తప్పు కాదు. కుళ్లు పెట్టుకొని దేవుడి ముందు నిలబడడం వేరు, ఫోన్ చూసుకుంటూ ప్రదక్షిణం చేయడం వేరు. ఇదీ "చూడ జూడ" అంటే.

తర్వాత వస్తువులు. వేమన పద్యంలో వంటగిన్నె ఉంది, సర్వజ్ఞుడి దగ్గర గానుగ ఉంది. గిన్నె కడగకుండా వండితే ఏమవుతుంది? వంట మొత్తం పాడవుతుంది. అంటే పూజ వృథా కావడమే కాదు, చెడిపోతుంది కూడా. మరి గానుగెద్దు? అమ్మాయి ఎప్పుడూ గానుగ చూడలేదు. వాళ్ల అమ్మమ్మది కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరున్న చింతామణి పక్కన పల్లె. ఆవిడ చేతిలో చిక్కుడుకాయలు తుంచుతూ చెప్పింది: "కళ్లకు గంతలు కట్టేవాళ్లమ్మా. కట్టకపోతే అదే చోట తిరుగుతున్నానని దానికి తెలిసిపోతుంది కదా. నూనె ఇంట్లోకి వెళ్లేది, ఎద్దు గానుగ దగ్గరే ఉండేది." పుస్తకాల్లో ఎంత వెతికినా నాకు ఇంత చక్కటి వ్యాఖ్యానం దొరికేది కాదు. గంతల సంగతి త్రిపదిలో లేదు. కానీ గానుగ తెలిసిన వాళ్లకు అది చెప్పకుండానే కనబడుతుంది. రచనలో ఉన్న వస్తువు గురించి మీకు తెలియకపోతే తెలిసినవాళ్లను అడగండి. అమ్మమ్మలు, తాతయ్యలు, ఆ పని చేసినవాళ్లు ఉన్నంత కాలం ఈ దారి తెరిచే ఉంటుంది.

ఇక చప్పుడు వినండి. టీచరు గారు పాడినప్పుడు చెవికి తగిలింది ఇదే: చిత్త, సుత్తి, ఎత్తు, హొత్తు, సుత్తి. మూడు పాదాల్లో "త్త" ఐదుసార్లు తిరిగి తిరిగి వస్తుంది, ఎద్దు గానుగ చుట్టూ వచ్చినట్టు. చివరి పాదం మళ్లీ "సుత్తి" తోనే మొదలవుతుంది. వేమన పద్యంలో మూడుసార్లు "శుద్ధి", మూడుసార్లు "ఏల". అది తిరగదు. తలుపు మీద మూడుసార్లు కొట్టినట్టు ఉంటుంది. మూడో దెబ్బకు "లేలరా" అని గొంతు పెరుగుతుంది.

ఛందస్సు తెలిస్తే ఇక్కడ ఇంకా లోతుకు వెళ్లవచ్చు. భయపడకండి, లెక్క చిన్నదే. గణాలంటే లఘువులూ గురువులూ కలిపి కట్టిన చిన్న గుంపులు, ఒక్కో రకానికి ఒక్కో పేరు. వేమన వాడింది ఆటవెలది అనే ఛందస్సు. మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదు సూర్యగణాలు. ప్రాస నియమం లేదు. కానీ పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలి, అంటే రెంటి చప్పుడూ కలవాలి. కన్నడ త్రిపదిలో 11 గణాలు ఉంటాయి, ఆరోది, పదోది బ్రహ్మగణాలు, మిగిలినవి విష్ణుగణాలు. అక్కడ పాదాల రెండో అక్షరం కలిసే ప్రాస ముఖ్యం. ఇంతవరకు చాలా పుస్తకాల్లో దొరుకుతుంది. "అయితే?" అని అడిగితేనే దొరకనిది దొరుకుతుంది.

వేమన పద్యంలో యతి దేన్ని దేనితో కలిపిందో చూడండి. ఆత్మకు ఆచారంతో. భాండానికి పాకంతో. చిత్తానికి శివుడితో. పద్యం ఏ రెండింటిని కలవాలి అంటోందో సరిగ్గా వాటినే యతి కలుపుతోంది. లోపలిది ఒకటి, బయటిది ఒకటి. సర్వజ్ఞుడి త్రిపదిలో ప్రాస దేన్ని దేనితో కలిపింది? చిత్తను ఎత్తుతో. మనసును ఎద్దుతో. మొదటి పాదం "చిత్త" అని మొదలైతే రెండో పాదం "ఎత్తు" అని మొదలవుతుంది, మనసు ఉండాల్సిన చోట ఎద్దు వచ్చి నిలబడినట్టు.

ఇది చెప్పుకున్నప్పుడు ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టేసి కాసేపు ఊరుకుంది. మూడో గడి నిండింది.

ముద్ర, అంటే పద్యంలో కవి పెట్టుకునే తన పేరు, ఎక్కడుందో కూడా గమనించండి. "విశ్వదాభిరామ వినుర వేమ" ఒక పాదం మొత్తం ఆక్రమిస్తుంది. అది తీసేస్తే వేమన చెప్పేది కూడా మూడు పాదాలే. సర్వజ్ఞుడికి ముద్ర ఒక్క మాట, మూడో పాదం చివర. వేమన తనను తానే పిలిచి "విను" అంటాడు, మనం పక్కన నిలబడి వింటాం. సర్వజ్ఞుడి పేరు కొన్ని త్రిపదుల్లో సంతకంలా ఊరికే ఉంటుంది, కొన్నింటిలో వాక్యంలోనే కలిసిపోతుంది. "సర్వజ్ఞనెంబవను గర్వదిందాదవనె, సర్వరొళగొందొందు నుడిగలితు విద్యెయ పర్వతవె ఆద సర్వజ్ఞ" అన్నచోట ఆ పేరు తీసేస్తే వాక్యమే తెగిపోతుంది. సర్వజ్ఞుడు గర్వంతో అయినవాడా, అందరి దగ్గరా ఒక్కో మాట నేర్చుకొని విద్యకు పర్వతమైనవాడు అని భావం. మా వ్యాసానికి ఈ అంశం అక్కర్లేకపోయింది, వదిలేశాం. దొరికిన ప్రతిదీ పెట్టాలని లేదు.

మాట ఒకటే అయినా

ఇక్కడ ఒక గోతి గురించి హెచ్చరించాలి. అమ్మాయి రెండో జతగా ఇవి తెచ్చింది. సర్వజ్ఞుడిది: "నడెవుదొందే భూమి, కుడివుదొందే నీరు, సుడువగ్నియొందే ఇరుతిరలు కులగోత్ర నడువె ఎత్తణదు సర్వజ్ఞ." నడిచే భూమి ఒకటే, తాగే నీరు ఒకటే, కాల్చే నిప్పు ఒకటే అయినప్పుడు మధ్యలో కులగోత్రాలు ఎక్కడివి అని. వేమనది: "కులములోన నొకడు గుణవంతుడుండెనా, కులము వెలయు వాని గుణము చేత, వెలయు వనములోన మలయజంబున్నట్లు." రెండింటిలోనూ కులం అనే మాట ఉంది కాబట్టి "ఇద్దరూ కులాన్ని నిరసించారు" అని రాసేసింది.

కానీ వేమన పద్యంలో కులం అంటే వంశం, ఇంటివాళ్లు. ఒక్క గుణవంతుడు పుడితే, అడవిలో మంచిగంధం చెట్టు ఉన్నట్టు, వంశమంతా వెలుగుతుందని చెబుతున్నాడు. అక్కడ నిరసన లేదు, మెచ్చుకోలు ఉంది. వేమన కులాన్ని గట్టిగా నిలదీసిన పద్యాలు వేరే ఉన్నాయి, సర్వజ్ఞుడి త్రిపది పక్కన పెట్టాల్సింది వాటిని. మాట కలిస్తే చాలదు, ఆ మాట ఆ రచనలో ఏ అర్థంతో ఉందో చూడాలి. పాత రచనల విషయంలో ఇది మరీ ముఖ్యం. నవలల్లోనూ అంతే. రెండింటిలో "వాన" ఉందని జత కట్టేస్తారు, ఒకచోట అది పంటకు వచ్చిన వాన, ఇంకోచోట ఇల్లు కూల్చిన వాన.

చరిత్ర ఎంతవరకు

కవి కాలం, ఊరు, బతుకు గురించి ఒక పేజీ రాసేస్తే వ్యాసం సగం అయిపోయినట్టు అనిపిస్తుంది. ఆ పేజీ తీసేసినా వ్యాసానికి ఏ నష్టమూ రాకపోతే అది అవసరం లేనిదే. రచనలోని ఒక మాటను విప్పడానికి పనికొచ్చినప్పుడే చరిత్ర తీసుకోండి.

ఉదాహరణకు, బ్రౌన్ దొర వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. సర్వజ్ఞుడి త్రిపదులను ఉత్తంగి చన్నప్ప అనే పాస్టరు గారు ఊరూరా సేకరించి 1924లో పుస్తకం చేశారు. ఇద్దరు కవులకూ తమ సంప్రదాయం బయటి మనిషే పెద్ద దిక్కు అయ్యాడు. ఇది నాకు ఎంతో ఇష్టమైన సామ్యం. కానీ గిన్నె, గానుగ గురించిన వ్యాసంలో దీనికి చోటు లేదు. దీని మీద వేరే వ్యాసం రాసుకోవచ్చు. అలాగే ఆధారం లేకుండా "ప్రభావం" అనే మాట వాడకండి. ఇద్దరూ ఒకేలా చెప్పినంత మాత్రాన ఒకరిని చూసి ఇంకొకరు రాశారని కాదు. గానుగలూ గిన్నెలూ శివాలయాలూ రెండు నేలల మీదా ఉన్నాయి.

ఒక మంచి పుస్తకం మాత్రం తప్పక చదవండి. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1928లో వేమన మీద ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. కన్నడ నేల మీద బతుకుతూ తెలుగు కవిని ఎలా చదవాలో ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. అయితే మీ సొంత గడులు నింపుకున్న తర్వాతే తెరవండి. ముందే పెద్దల మాట చదివితే మీ చూపు పని మానేస్తుంది.

ఒక్క వాక్యం

మూడో గడిలో మిగిలినవాటిని చూస్తూ, మొత్తం వ్యాసం చెప్పేదాన్ని ఒక్క వాక్యంలో రాయండి. ఇది కష్టం, ఒక సాయంత్రం పడుతుంది. అమ్మాయి మొదటి వాక్యం: "వేమన, సర్వజ్ఞుల మధ్య సామ్యాలూ భేదాలూ ఉన్నాయి." ఇది ఏ ఇద్దరి గురించైనా చెప్పవచ్చు. రెండోది: "ఇద్దరూ దొంగ భక్తిని ఖండించారు, కానీ వేమన గిన్నె ఉపమానం, సర్వజ్ఞుడు గానుగ ఉపమానం వాడారు." కొంచెం నయం, అయినా "అయితే?" కు జవాబు లేదు. నాలుగోసారికి వచ్చింది ఇది: "మనసు లేని పూజ గురించే ఇద్దరూ మాట్లాడినా, వేమన ఆ పూజ ఏమైందని అడుగుతాడు, సర్వజ్ఞుడు ఆ పూజ చేసే మనిషి ఏమయ్యాడో చూపిస్తాడు."

ఇందులో సామ్యం ఉంది, భేదం ఉంది, రెండూ ఒకే చోట ఉన్నాయి. కాదు అనేవాళ్లు కూడా ఉండవచ్చు. కాదనడానికి వీల్లేని వాక్యం వ్యాసాన్ని మోయలేదు. మీ వాక్యాన్ని స్నేహితుడికి చెప్పి "ఒప్పుకుంటావా?" అని అడిగి చూడండి. అతను వెంటనే "అందులో ఏముంది" అంటే మళ్లీ రాయండి.

ఎవరు గొప్ప అనే ప్రశ్న జోలికి పోవద్దు. ఉప్పు కప్పురం పద్యంలో వేమన తర్వాతి పాదంలో పుణ్యపురుషులను వేరు చేసి ఎత్తి చూపాడు. మనకు మొదటి రెండు పాదాలు చాలు. ఈ ఊళ్లో రెండు భాషలవాళ్లం పక్కపక్కన బతుకుతున్నాం. మన కవే గొప్ప అని రాయడం వల్ల మన కవి కూడా సరిగ్గా కనబడకుండా పోతాడు.

అల్లిక

రాసేటప్పుడు రెండు దారులున్నాయి. వేమన గురించి మొత్తం చెప్పి, తర్వాత సర్వజ్ఞుడి గురించి మొత్తం చెప్పడం ఒకటి. చిన్న వ్యాసానికి ఇది చాలు, కానీ రెండో సగంలో ప్రతి పేరాలోనూ మొదటి సగాన్ని గుర్తు చేయాలి. లేకపోతే రెండు వ్యాసాలు కలిపి కుట్టినట్టు ఉంటుంది. రెండోది కలనేత. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. ఒక పేరాలో "చిత్తం" అనే మాట, అందులో ఇద్దరూ. తర్వాతి పేరాలో వస్తువు, ఇద్దరూ. తర్వాత చప్పుడు, ఇద్దరూ. నేను ఎప్పుడూ కలనేతే రాయమంటాను. పాఠకుడు పాత పేజీలు తిరగేయక్కర్లేదు.

ఒక ప్రయోగం చేయండి. పేరాలోంచి ఒక కవి పేరు కొట్టేసి చదవండి. అయినా పేరాకు ఏమీ కాకపోతే ఆ పేరాలో పోలిక లేదన్నమాట. ప్రతి పేరా మొదటి వాక్యంలో విషయం చెప్పండి, వెంటనే రచనలోంచి రెండు మూడు మాటలు ఎత్తి చూపండి. పద్యం మొత్తం మళ్లీ మళ్లీ దించకండి. "అయితే", "కాగా", "ఇక్కడే" లాంటి మాటలను అలవాటుగా కాకుండా నిజంగా మలుపు ఉన్నచోటే వాడండి. "ఇద్దరూ మహాకవులు, వారి సేవ మరువలేనిది" లాంటి వాక్యాలు చేతికి వచ్చేస్తే ఆగి, ఒక గుక్క నీళ్లు తాగి, మళ్లీ పద్యం దగ్గరికి వెళ్లండి.

రాయడం అయ్యాక

ఒక రాత్రి పక్కన పెట్టి, మర్నాడు పైకి చదవండి. వీలైతే ఇద్దరి ముందు చదవండి, ఒకరు మొదటి రచన తెలిసినవాళ్లు, ఇంకొకరు రెండోది తెలిసినవాళ్లు. మా అమ్మాయి ఒక ఆదివారం వాళ్ల అమ్మమ్మనీ కన్నడ టీచరు గారినీ కూర్చోబెట్టి చదివింది. వేమన మీద రాసింది విని టీచరు గారు రెండుచోట్ల అర్థం కాలేదన్నారు, అక్కడ ఒక్కో వాక్యం కలిపింది. గానుగ పేరాలో అమ్మమ్మ ఒక తప్పు పట్టుకుంది. ఎద్దు గానుగను "లాగుతుంది" అని అమ్మాయి రాసింది. "ఆయన హొత్తు అన్నాడు కదే, మోస్తూ అని. మెడ మీద కాడి బరువు మరిచిపోయావు" అంది ఆవిడ. చింతామణి మనిషి కదా, రెండు భాషలూ వచ్చు. ఆ ఒక్క మాట మార్చడంతో పేరా మొత్తం బాగుపడింది.

శీర్షిక అన్నిటికంటే చివర పెట్టండి. మొదట పెట్టుకున్నది ఎప్పుడూ మూటలా పెద్దగా ఉంటుంది. వ్యాసంలో ఎక్కువసార్లు వచ్చిన వస్తువులు ఏవో చూడండి, తరచుగా పేరు అక్కడే దొరుకుతుంది. ఆ అమ్మాయి "వేమన – సర్వజ్ఞుడు" అన్నదాన్ని కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో "గిన్నె, గానుగ" అని రాసుకుంది.